పాఠకుల ప్రశ్నలు: కొండబాటలో సైకిలు, ఊరి గడపలో అతిథి

ప్రశ్న: మేము ఎనిమిది మందిమి మూడేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు, కొండపల్లి వైపు కొండల్లో మౌంటెన్ బైకులు తొక్కుతున్నాము. మా దారిని స్ట్రావాలో (తొక్కిన దారిని నమోదు చేసి అందరితో పంచుకునే ఫోను యాప్) పెట్టిన తరువాత వచ్చేవారు నలభై మందికి పెరిగారు. హైదరాబాదు నుంచి కూడా అడుగుతున్నారు కనుక రుసుము తీసుకుని రెండు రోజుల యాత్రగా నడపాలని ఉంది. పోయిన నెలలో ఒక మేకల కాపరి దారికి కర్ర అడ్డం పెట్టి మమ్మల్ని వెనక్కి పంపాడు. అది ఆయన భూమి కాదు కదా, ఆపే హక్కు ఆయనకు ఉందా? ఊరికి కూడా మేలు జరిగేలా ఈ యాత్రను ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: మీ రెండో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది కాబట్టి మేకల కాపరి దగ్గరే మొదలుపెడతాను. ఆ నేల ఆయన పట్టా భూమి కాకపోవచ్చు, మీదీ కాదు. మీరు తొక్కే ఆ సన్నబాటను సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. మేకలు, పశువులు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, సీతాఫలాల కాలంలో గంపలతో ఎక్కే పిల్లలు, ఏడాదికి ఒకసారి కొండమీది దేవుడికి పొంగలి పెట్టుకోవడానికి వెళ్లే కుటుంబాలు తరతరాలుగా నడిచి నడిచి అరగదీసిన బాట అది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీరు మూడేళ్లుగా అడగకుండానే వడ్డించుకుంటున్నారు. ఎనిమిది మంది ఉన్నన్నాళ్లు ఊరు ఓర్చుకుంది, నలభై మంది అయ్యేసరికి కర్ర అడ్డం పడింది.

ఆ కర్ర వెనక ఉన్న కోపం ఎటువంటిదో నేను ఒకసారి కొండవీడు కింద కళ్లారా చూశాను. పైనుంచి ఒక సైకిలు మలుపు తిరిగి వేగంగా దిగింది. ముందు నడుస్తున్న మేకపోతు చెవులు నిక్కబొడుచుకుని నిలబడిపోయింది, దాని మెడలో గంట ఆగింది, మరుక్షణం మంద రెండుగా చీలి సగం బండల మీదికి, సగం కిందున్న మిరపచేలోకి దూకాయి. సైకిలు దాటిపోవడానికి అర నిమిషం పట్టింది. మందను ఒకచోట చేర్చడానికి కాపరికి గంటకు పైగా పట్టింది, ఆపైన మిరపచేను రైతు చేత మాట పడటం వేరు. తొక్కినవాడు చెడ్డవాడేమీ కాదు, వెనక్కి తిరిగి చూడలేదు, అంతే. మంద ఎదురైతే దూరంగానే ఆగి, కాలు నేల మీద పెట్టి, సైకిలు దిగి, కాపరిని పలకరించి, ఆయన సరేనన్న వైపు నుంచి నడిపించుకుంటూ పోవాలి. 1988లో అమెరికాలో ఏర్పడిన అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం చెప్పే నియమాలలోనూ నడిచేవారికి దారి ఇవ్వడం, జంతువులను బెదరగొట్టకపోవడం ఉన్నాయి. దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలని కూడా ఉంది.

ఇక హక్కు సంగతి. కొండపల్లి కొండల్లో ఎక్కువ భాగం రిజర్వు అడవి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం అతిక్రమణ కిందికి వస్తుంది. ఇన్నాళ్లు ఎవరూ అడగలేదంటే అనుమతి ఉన్నట్టు కాదు. స్నేహితులుగా వెళ్లడం ఒక ఎత్తు, డబ్బు తీసుకుని మరొకరిని తీసుకువెళ్లడం ఇంకొక ఎత్తు. రెండో పనికి అటవీ రేంజి అధికారి దగ్గర దారి పటంతో, తేదీలతో, ఒక్కో విడతకు ఎంతమంది అన్న లెక్కతో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. మూలపాడు దగ్గర అటవీ శాఖ సీతాకోకచిలుకల పార్కు ఉంది, ఆ పక్క నడకదారులకు సెలవు రోజుల్లో చిన్నపిల్లలతో కుటుంబాలు వస్తాయి. ఆ వైపును మీ పటంలోంచి ముందుగానే తీసేస్తే మీ దరఖాస్తుకు బలం పెరుగుతుందని నా అభిప్రాయం. కొండపల్లి కోట సంగతి కూడా అంతే. పాత గోడల మీద, మెట్ల మీద చక్రం పెట్టకూడదన్నది చట్టం చెప్పేదాకా ఆగవలసిన విషయం కాదు.

అటవీ శాఖ అనుమతి వచ్చినంత మాత్రాన ఊరు ఒప్పుకున్నట్టు కాదు, సర్పంచిని కలిసి శాలువా కప్పి ఫొటో దిగినంత మాత్రాన అసలే కాదు. కొండను రోజూ వాడుకునేవారు వేరు. కాపరులు ఏ నెలలో ఏ గట్టు మీద మేపుతారు, కొండమీది గుడికి ఏ తిథిన జనం ఎక్కుతారు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లకు ఏ వేళ మగవాళ్ల గుంపులు ఎదురుకావడం ఇష్టం ఉండదు అన్నది మీరు వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. ముఖ్యంగా ఆ చివరి మాటను రచ్చబండ దగ్గర పదిమంది మగవాళ్ల మధ్య ఎవరూ చెప్పరు. డ్వాక్రా సంఘం సమావేశం జరిగే రోజున, మీ బృందంలోని ఆడవాళ్లను పంపి అడిగించండి. ఊరు ‘ఈ గట్టు వద్దు, ఆ గట్టు సరే’ అంటే ఆ మాటే మీ పటం. మొత్తానికే వద్దంటే మరో కొండ చూసుకోవడం తప్ప బతిమాలడం, డబ్బు ఆశ చూపడం మర్యాద కాదు.

ఇలా ముందే అడగడం వృథా ప్రయాస అనుకునేవారికి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం సంగతి చెప్పాలి. ఈస్ట్ బర్క్ అనే చిన్న ఊరి చుట్టూ ‘కింగ్‌డమ్ ట్రెయిల్స్’ పేరుతో సుమారు వంద మంది రైతుల, గృహస్థుల సొంత భూముల మీదుగా 160 కిలోమీటర్ల పైచిలుకు సైకిలు బాటలు అల్లుకుని ఉన్నాయి. ఆ బాటలన్నీ ఆ భూయజమానుల మాట మీద నిలిచినవే. ఏటికేడు జనం పెరిగి, 2019 చివరిలో ముగ్గురు యజమానులు తమ భూముల్లోకి సైకిళ్లను రానివ్వబోమని చెప్పేసరికి, అందరికీ ఇష్టమైన బాటలు కొన్ని ఒక్కసారిగా మూతపడ్డాయి. అక్కడ చెప్పినవాళ్లు పత్రం మీద చెప్పారు, మీ దగ్గర కర్ర అడ్డం పెట్టి చెప్పారు, మాట ఒకటే.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మెక్సికోలో ఉంది. ఒహాకా రాష్ట్రం ఉత్తర కొండల్లో జపోటెక్ అనే అక్కడి మూలవాసుల గ్రామాలు ఎనిమిది కలిసి తమ ఉమ్మడి అడవిలో నడకదారులను, సైకిలు దారులను తామే నడుపుకుంటున్నాయి. వచ్చినవారు ప్రవేశ రుసుము కడతారు, దారి చూపేది ఊరి మనిషే, ఉండటానికి ఊరి బసలు ఉన్నాయి. ఎలా నడపాలన్న నిర్ణయం గ్రామసభలది. మీ యాత్రను ఈ రెంటిలో దేని వైపు నడిపిస్తారన్నది మొదటి నెలలోనే తేలిపోతుంది. ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చే అతిథి రుసుము ఒక్కసారి మీ ఖాతాలో పడటానికి అలవాటు పడ్డాక, దాన్ని ఊరితో పంచుకోవడం మీకే దానం చేసినట్టు అనిపిస్తుంది. మొదటి రోజే ఊరి వాటా ఇంత అని రాసుకుంటే అది దానం కాదు, లెక్క అవుతుంది. దారి చూపే యువకుడికి రోజు కూలి, వంట చేసే సంఘానికి భోజనానికి ఇంత, బాట మరమ్మతుకు తలకు ఇంత అని విడివిడిగా రాసి, ఆ కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించండి. డబ్బు గుట్టుగా చేతులు మారితే ఊళ్లో తగవులు వస్తాయి, వాటికి మూలం సైకిళ్లేనన్న పేరూ వస్తుంది.

బాట మరమ్మతు కూలి సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ పని ఊరివాళ్లకు ఇస్తే బాట బాగుండటమే కాదు, దాని మీద పెత్తనం కూడా వాళ్లకే ఉంటుంది.

ఒక విడతకు ఎనిమిది మందిని మించి తీసుకువెళ్లకండి, స్ట్రావాలో మీ దారిని అందరికీ కనబడకుండా మార్చండి. ఇప్పటికే వ్యాపించిపోయింది కదా అంటారేమో, అయినా మార్చండి. రెండో రోజు మధ్యాహ్నం అతిథులను కొండపల్లి బొమ్మల తయారీదారుల ఇళ్లకు నడిపించండి. తెల్ల పొణికి కొయ్యను చెక్కి, అతుకులకు చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కును పూసి, రంగు వేసే పని చూశాక కొనుక్కునే అంబారీ ఏనుగుకు, రోడ్డు పక్క కొట్టులో కొనే ఏనుగుకు తేడా తెలుస్తుంది. డబ్బు కూడా చేసినవారి చేతికే వెళుతుంది. ఆ పొణికి చెట్టు ఈ కొండల్లో దొరకడం కష్టమైపోయిందని వాళ్లు చెబుతారు. సైకిలుకు దారి కోసం మొక్కలు నరకవద్దని మీ అతిథులకు మీరు చెప్పడం కంటే వాళ్ల నోట వింటే బాగా నాటుతుంది.

ప్రశ్న: వానలు పడ్డాక కొండలు పచ్చగా ఉంటాయి కనుక మా మిత్రులు జులై, ఆగస్టు నెలల్లోనే కొండవీడు వైపు వెళదామంటారు. బాట పాడవుతుందని నేను అంటే, పశువులు తొక్కితే పాడవనిది సైకిలుతో పాడవుతుందా అని ఎగతాళి చేస్తున్నారు. ఎవరిది నిజం?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పశువులు తొక్కినా బాట పాడవుతుంది. తేడా ఏమిటంటే గిట్ట గుంట చేస్తుంది, చక్రం కాలువ తీస్తుంది. గుంటలో నీళ్లు నిలిచి ఇంకిపోతాయి, కాలువలో నీళ్లు పరుగెత్తి మట్టిని మోసుకుపోతాయి. నేనే ఒక సెప్టెంబరులో తడి బాట మీద దిగుతూ భయపడి వెనక బ్రేకును బిగబట్టాను. చక్రం తిరగడం మాని రెండు బారల దూరం జారింది. ఆ గీత అప్పుడు వేలెడు లోతు కూడా లేదు. రెండు పెద్ద వానలు పడ్డాక వెళ్లి చూస్తే జానెడు లోతు గండి పడి, పక్కనున్న చెట్టు వేళ్లు బయటపడి ఉన్నాయి. వచ్చినవాళ్లు ఆ గండిని తప్పుకోవడానికి పక్కనుంచి మరో బాట తొక్కేశారు. కొండమీద ఒక బాట మూడు బాటలయ్యేది ఇలాగే.

బాటలు వేసేవారు దీనికి ఒక సగం లెక్క చెబుతారు. కొండవాలు నూటికి ఇరవై ఉంటే, అంటే వంద అడుగుల దూరానికి ఇరవై అడుగుల ఎత్తు పెరిగితే, దాని మీద బాట వాలు పదికి మించకూడదు, అంటే సగానికి లోపే ఉండాలి. మించితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే దిగుతాయి. మొత్తం బాట మీద సగటు వాలు కూడా పదికి దగ్గరలో ఆగితే మంచిదంటారు. మేకల బాటలు చాలావరకు కొండ నడుముకు చుట్టుకుని సాగుతాయి కనుక ఈ లెక్కకు నిలుస్తాయి, కానీ కొండ మీదినుంచి చెరువుకు నిట్టనిలువుగా దిగే బాటలు నిలవవు. వాటి మీదికి ఏ కాలంలోనూ సైకిలు తీసుకువెళ్లవద్దు.

మీ మిత్రులకు వాదన కంటే పరీక్ష మేలు. కొండ మొదట్లో సైకిలు దిగి చెప్పు మడమతో బాటను గట్టిగా నొక్కమనండి. మడమ దిగబడి గుర్తు ఉండిపోయినా, పది గజాలు తొక్కేసరికి చక్రానికి మట్టి అంటుకుని ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కవలకడ్డీలో) ఇరుక్కున్నా, ఆ రోజుకు వెనక్కి తిరగాలి. ఎర్రమట్టిలో గులకరాళ్లు కలిసిన కొండనేల ఒకటి రెండు ఎండలకే ఆరుతుంది. కానీ కొండ చేరేదాకా మీరు దాటవలసిన డొంకలన్నీ నల్లరేగడి. గుంటూరులో పుట్టినవారికి వానలో రేగడి సంగతి నేను చెప్పనక్కరలేదు. తడిలో తొక్కిన డొంక ఆరాక రాయిలా గట్టిపడిన చాళ్లతో మిగులుతుంది, ఆ చాళ్లలో మిర్చి బస్తాల ట్రాక్టరు నడపవలసింది రైతు. పచ్చదనం చూడాలనుకుంటే ఘాట్ రోడ్డు ఉంది, తారు మీద తొక్కుతూ 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట దాకా వెళ్లి రావచ్చు. కొండబాటలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం చాలు.

ప్రశ్న: మాది కొండ కింద ఊరు. శని, ఆదివారాల్లో సైకిళ్ల మీద వచ్చే అబ్బాయిలు నీళ్లు అడుగుతారు, ఒక్కోసారి భోజనం పెట్టమంటారు, రాత్రికి అరుగు మీద పడుకుంటామంటారు. మంచి పిల్లలే. కానీ డబ్బు అడగడానికి మొహమాటంగా ఉంది, ఊరివాళ్లు ఏమంటారోనన్న భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, యడ్లపాడు మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ముందు ఆ అబ్బాయిలకు చెప్పవలసిన మాట ఒకటుంది. పల్లెలో నీళ్లు అడిగితే కాదనరు, అన్నం అడిగినా కాదనలేరు. కాదనలేనివారిని ప్రతివారం అడగడం మర్యాద కాదు. బిందె నీళ్ల కోసం మీరు ఎంత దూరం నడుస్తారో వాళ్లు చూసి ఉండరు.

మంచినీళ్లకు డబ్బు తీసుకోవద్దు, భోజనానికి తప్పకుండా తీసుకోండి. మీరొక్కరే మొహమాటపడకుండా మీ డ్వాక్రా సంఘంలో మాట్లాడి, భోజనానికి ఒకే ధర పెట్టి, వంతుల వారీగా ఒక్కో వారం ఒక్కో ఇల్లు వండేలా రాసుకుంటే డబ్బు అడిగేది సంఘం అవుతుంది, ఊళ్లో అసూయకు చోటు ఉండదు. ముందురోజు సాయంత్రంలోగా ఎంతమందో ఫోనులో చెప్పాలనీ, చెప్పకుండా వస్తే లేదనీ గట్టిగా ఉండండి. వాళ్ల కోసమని బయటినుంచి నూడుల్సు, కూల్‌డ్రింకులు తెచ్చి పెట్టవద్దు. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పప్పు, మజ్జిగ చాలు, పట్నంవాళ్లు వచ్చేది దాని కోసమే. పైగా ఖాళీ సీసాలు, కవర్లు మీ దిబ్బ మీదే మిగులుతాయి. వాళ్లు తెచ్చిన ప్లాస్టిక్కును వాళ్ల సంచీలోనే తిరిగి తీసుకుపోవాలని మొదటిరోజే చెప్పండి.

రాత్రి బస విషయంలో తొందరపడకండి. ఇంట్లో ఆడపిల్లలు ఉన్నా, మీకు ఏ మాత్రం ఇబ్బందిగా తోచినా వద్దని చెప్పడానికి కారణం చూపనక్కరలేదు. ఇవ్వదలచుకుంటే పంచాయతీకి తెలియజేసి, వచ్చినవారి గుర్తింపు కార్డు చూసి పుస్తకంలో రాసుకోండి. విదేశీయులు బస చేస్తే వారి వివరాలను 24 గంటల్లోగా ఆన్‌లైనులో విదేశీయుల నమోదు కార్యాలయానికి తెలపాలన్న నిబంధన ఇళ్లకూ వర్తిస్తుంది.

మరొక్క సంగతి. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో డెర్బీ అనే పాత తగరపు గనుల ఊరు ఉంది. గని మూతపడి ఊరు వాడిపోయాక, 2015లో అడవిలో సైకిలు బాటలు తెరిచేసరికి మళ్లీ కళకళలాడింది. అయితే ఇళ్లు చాలావరకు అతిథుల బసలుగా మారి, అద్దెకు ఇల్లు కావలసిన స్థానికులకు కష్టమైంది. మీ ఊళ్లో అంత దూరం వెళ్లకపోవచ్చు. అయినా కొండ కింద స్థలం ఉంటే అమ్ముతారా అని సైకిలు దిగినవాళ్లు అడగడం మొదలుపెడితే ఆ మాటను గ్రామసభలో పెట్టండి, ఒంటరిగా జవాబు ఇవ్వకండి.

ప్రశ్న: శ్రీశైలం అడవిలో రాత్రిపూట లైట్లు పెట్టుకుని మౌంటెన్ బైకు తొక్కాలన్నది మా కల. గైడును కుదుర్చుకుంటే చాలా?
— డిగ్రీ విద్యార్థులు, విజయవాడ

జవాబు: చాలదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. దోర్నాల నుంచి వెళ్లే ఘాట్ రోడ్డు మీద మామూలు వాహనాలనే రాత్రిపూట ఆపుతారు. ఏ గైడయినా డబ్బు తీసుకుని తీసుకువెళతానంటే ఆ మాటే అతని మీద అనుమానానికి చాలు. బైర్లూటి, తుమ్మలబయలు దగ్గర అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక చెంచులతో కలిసి నడిపే యాత్రలు ఉన్నాయి; పగటిపూట, వాళ్ల జీపులో వెళ్లి రండి. పులికి చీకటే పనివేళ, మీ లైటు అక్కడ అక్కరలేదు.

ప్రశ్న: మంగళగిరి కొండ చుట్టూ, ఉండవల్లి వైపు తొక్కేటప్పుడు వారానికి రెండు పంక్చర్లు పడుతున్నాయి. ఏ టైరు కొనాలి?
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: టైరు మార్చితే కొంతే తగ్గుతుంది. మీ శత్రువులు ఇద్దరు: బీళ్లలో నేలమీద పాకే పల్లేరుకాయ, గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరు ముల్లుకు ట్యూబులెస్ టైరులో పోసే, చిన్న చిల్లులను తానే మూసే సీలెంటు ద్రవం సరిపోతుంది. మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది కనుక రెండు మూడు నెలలకు ఒకసారి విప్పి చూసి పోయించుకోండి. తుమ్మ ముల్లు టైరు పక్కగోడలో దిగితే ఏ ద్రవమూ ఆపదు, పంపూ ప్యాచీలూ వెంట ఉండవలసిందే. తొక్కడం అయ్యాక టైరుకు గుచ్చుకున్న పల్లేరుకాయలను అక్కడే ఏరి పారేయండి, లేకపోతే వాటిని మరొకరి పొలం గట్టుకు మీరే చేరవేసినవారవుతారు.

మీ ఉత్తరంలో దారికి అడ్డంగా రైతులు వేసిన తుమ్మ కంప వల్ల కూడా పంక్చర్లు పడుతున్నాయని రాశారు. ఆ కంప మీ కోసం వేసింది కాదు, చేలోకి పశువులు రాకుండా వేసింది. దాన్ని చేత్తో తీసి పక్కన పెట్టి దాటినవారు, దాటిన తరువాత ఉన్నచోటే మళ్లీ అడ్డం పెట్టి వెళ్లాలి. చివర ఉన్నవాడు పెడతాడులే అని ఎవరికివారు అనుకుంటే అది తెరిచే ఉంటుంది కాబట్టి, బయలుదేరేటప్పుడే ఆ పని ఎవరిదో పేరు చెప్పి అప్పగించండి.